పోయొస్తానని చెప్పి వచ్చినామె

ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మా వంటింట్లో కుక్కరు మూడో కూత వేసింది. నేను లేచి పొయ్యి కట్టేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద ఒక ఫోను ఉంది. అది నాది కాదు. మా మేడమీది గదిలో అద్దెకుండి, నర్సింగు చదివిన ఆడపిల్లలకు ఇటాలియన్ భాష చెప్పిన మేడంది. ఆమె పోయి అప్పటికి మూడు రోజులు.

మనకు పన్నెండున్నర అయితే ఇటలీలో ఉదయం తొమ్మిది. ఆ గంటకు అక్కడ ఒక చిన్న ఊళ్ళో తొంభై దాటిన ముసలామె ఒకరు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఫోను కోసం కూర్చుని ఉంటుంది. తిరుపతికి రాకముందు మేడం చాలా ఏళ్ళు ఆమెకు సేవ చేసింది. నోన్నా అని పిలిచేది. ఆ భాషలో అవ్వ అని అర్థం. తాను ఇక తిరిగి రాలేనన్న ఒక్క మాట ఆ అవ్వకు చెప్పాలని మేడం ఎన్నో ఆదివారాలు ప్రయత్నించింది. చెప్పకుండానే పోయింది.

నగరి నుంచి వచ్చిన మేడం చెల్లెలు సామాను కట్టుకుంటూ ఆ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ ముసిలామెకు మీరే చెప్పల్ల సార్. మాకు ఆ బాస రాదు. మీరు అక్క కాడ నేర్చుకుంటిరి గదా" అంది.

నేర్చుకున్నది నిజమే. కానీ నాకు వచ్చిన ఇటాలియన్ ముఖం కడుక్కోవడానికి, చొక్కా తొడుక్కోవడానికి సరిపోతుంది. చావు కబురు చెప్పడానికి సరిపోతుందా అన్నది నాకు తెలియదు. కాగితం మీద రెండు వాక్యాలు రాసుకున్నాను. రెండింటినీ నాలుగు సార్లు దిద్దాను.

ఆమె తరగతిలో మొట్టమొదటి పాఠం పొద్దున లేవడం. పుస్తకాలు పలకరింపులతో మొదలవుతాయి. ఆమె నిద్ర లేవడంతో మొదలుపెట్టేది. పిల్లలంతా బల్లల మీద తల వాల్చి పడుకోవాలి. ఆమె చప్పట్లు కొట్టగానే ఒక్కొక్కరూ లేచి, మేలుకున్నాను, లేచాను, కడుక్కున్నాను, కట్టుకున్నాను, దువ్వుకున్నాను అని చేసి చూపిస్తూ ఇటాలియన్‌లో చెప్పాలి. మి స్వేల్యో, మి ఆల్ట్సో, మి లావో, మి వెస్తో, మి పేత్తినో. నేను కాలేజీ లైబ్రరీలో పని చేసి రిటైరయినవాణ్ణి. వ్యాకరణాన్ని ఇలా వొళ్ళు కదిలించి చెప్పగా ఎన్నడూ చూడలేదు. కింద గదిలో కూర్చుని ఆ చప్పట్లు కొన్నాళ్ళు విని, ఒకనాడు పైకెళ్ళి చివరి బల్ల మీద కూర్చున్నాను. ఎందుకొచ్చారని ఆమె అడగలేదు. తల వాల్చి పడుకోమంది.

"మనకు తోక ఎనక ఉండాది, వాళ్ళకు ముందర ఉండాది. ఆవు మాత్రం ఒకటే" అనేది. కడుక్కుంటాను అన్న మాటలో 'కొను' మన తోక. మి లావో అన్నచోట 'మి' వాళ్ళ తోక. నేనయితే మి, నువ్వయితే తి, ఆమె అయితే సి. బోర్డు మీద 'లవార్సి' అని రాసి, "సూడండి, 'కడుక్కోవడం' అన్న్యామంటే ఈడ వాళ్ళ తోక గూడా ఎనక్కే వచ్చింది" అని తనకు తానే సంతోషపడేది.

ఇంగ్లీషు మీడియం పిల్లలతో ఆమెకు పెద్ద బాధ. వాళ్ళు ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషు మీదుగా తిప్పి తెచ్చేవాళ్ళు. ఒక పిల్ల 'నేను నా చేతులు కడుగుతాను' అన్నట్టు చెప్పింది.

"నా చేతులేందే? నువ్వు పక్కింటామె చేతులు గూడా కడుగుతావా?"

"మరెట్ల మేడం?"

"మీ ఇంట్లో అన్నానికి కూర్చునేటప్పుడు ఏమంటావు?"

"చేతులు కడుక్కోనొస్తా."

"దాంట్లో 'నా' ఉండాదా? లేదు గదా. వాళ్ళకూ లేదు. మి లావో లె మాని. నేరుగా పొయ్యే దావ ఉండంగా చుట్టు తిరిగి ఎందుకొస్తావు?"

అన్నీ నేరుగా పోవని కూడా ఆమే చెప్పేది. లేస్తానన్న మాటకు మనకు తోక లేదు, వాళ్ళకుంది. నేర్చుకుంటానన్న మాటకు మనకుంది, వాళ్ళకు లేదు. వాటిని విడిగా రాసుకోమనేది. చనిపోవడానికి తోక తగిలించి ఒకమ్మాయి పరీక్షలో తప్పు రాస్తే, "పుట్టేదానికీ సచ్చేదానికీ 'సి' రాదు, గుర్తు పెట్టుకో" అని ఎర్ర ఇంకుతో కొట్టేసింది. తత్త్వంగా అన్న మాట కాదది. మార్కులు పోతాయని అన్నది.

బంగారుపాళ్యం నుంచి వచ్చే ఒక పిల్ల మొక్కు తీర్చుకుని, గుండు మీద చందనంతో తరగతికి వచ్చింది. ఆమె వంతు రాగానే మేడం దువ్వెన అందించింది.

"నాకు యాడుండాది మేడం జుట్టు?"

"జుట్టు లేకపోతే వాక్యం రాకూడదా? దువ్వుకో."

ఆ పిల్ల గుండు మీద దువ్వెన ఆడించింది. పళ్ళకు చందనం అంటుకుంది. వెనక నుంచి ఎవరో, "సార్‌కు గూడా దువ్వెన ఇయ్యండి మేడం, పాపం" అన్నారు. నాకూ పెద్దగా జుట్టు లేదు. అందరూ నవ్వారు. మేడం నవ్వకుండా ఆ గుండు పిల్లనే చూస్తూ, "గుండు సంగతి ఏమని చెప్తావు?" అని అడిగింది.

"మి రాదో."

"అంటే నువ్వే కత్తి పట్టుకోని గీక్కుంటివా?"

"లేదు మేడం. కొండమీద కొట్టిచ్చుకున్న్యా."

"ఆ మాటే చెప్పు. కొట్టిచ్చుకునేది వాళ్ళకూ ఉండాది. మి ఫాచ్చో రజారే. ఈ మాట రేపు ఆడ పనికొస్తాది. ముసలోళ్ళు యేదీ మనచేత చేయించుకోము అంటారు. తామే చేసుకుంటామంటారు. చేసుకోనీయల్ల."

ఈ చివరి మాట దగ్గర ఆమె గొంతు మారేది. ఆమె దగ్గర చదివిన పిల్లలు ఇటలీలో వృద్ధుల ఇళ్ళలో పనికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకు ఆమె పెట్టే అసలు పరీక్ష మాటల్లో ఉండదు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టేది. ఒకరు అవ్వ. అవ్వకు చేతులు వణకాలి. తన స్వెట్టరు బొత్తాలు తానే పెట్టుకోవాలి. రెండో పిల్ల రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని, చూస్తూ ఉండాలి. సాయం చెయ్యకూడదు. అడిగితేనే చేతులు తియ్యాలి. ఐదు బొత్తాలకు కొన్నిసార్లు పావుగంట పట్టేది.

"మేడం, నేను పెట్టేస్తా మేడం, రెండు నిమిషాలు."

"సేతులు కింద పెట్టుకో. రెండు నిమిషాల్లో పెట్టేస్తావు. రేపటినుంచి ఆమెకు ఆ పని నువ్వు లాగేసుకున్నట్టు."

మేడంది నగరిలో మగ్గాల ఇల్లు. గుడ్డ ఏది కనబడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేది. తన సంగతులు అంతకు మించి పెద్దగా చెప్పేది కాదు. వారానికి రెండు రోజులు డయాలిసిస్‌కు పోయి వచ్చేది. ఆ సాయంత్రాల్లో చేతికి కట్టుతోనే బోర్డు మీద రాసేది. అక్షరాలు కిందికి జారేవి. జారినట్టు తనకు తెలిసేది కాదనుకుంటాను.

తరగతి అయిపోయాక ఒక తంతు ఉండేది. పిల్లలు ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర ఆగి, ఆమె కళ్ళలోకి చూసి, 'మే నే వాదో' అనాలి. వెళ్ళిపోతున్నాను అని అర్థం. చిత్తూరు, తిరుపతి పక్క పిల్లలకు ఆ మాట నోట రాదు. మన ఇళ్ళలో ఎవరూ పోతానని గడప దాటరు. చుట్టాలింటికి పోయినా, ఆసుపత్రికి పోయినా పోయొస్తాననే అంటారు. పిల్లలు గునిసేవాళ్ళు.

"అట్ల అనకూడదు మేడం, మాయమ్మ తిడ్తాది."

"మీయమ్మ ముందర అనొద్దు. ఈడ అను. గడియారం చూపించి, రేపు ఎన్ని గంటలకొస్తావో అది గూడా చెప్పు."

చెప్పేవాళ్ళు. చెప్పి నాలుగు మెట్లు దిగి, అక్కణ్ణుంచి గొంతు తగ్గించి "పోయొస్తాం మేడం" అనేవాళ్ళు. ఆమె విననట్టు బోర్డు తుడుచుకునేది.

ఒక సాయంత్రం పిల్లలంతా పోయాక అడిగాను. "ఆ మాట వాళ్ళచేత ఎందుకమ్మా అనిపిస్తారు? ఇష్టం లేదు గదా వాళ్ళకు."

ఆమె బోర్డు తుడిచే గుడ్డను మడిచింది. మళ్ళీ విప్పి మడిచింది.

"నేను వచ్చేసే రోజు కారు వచ్చి గుమ్మం కాడ నిలబడింది సార్. నోన్నా బొత్తాలు పెట్టుకుంటా ఉండాది. మూడు పెట్టుకునింది. యాడికి అనింది. పోయొస్తా నోన్నా అన్న్యాను. వాదో ఎ తోర్నో అని ఆ బాసలోనే చెప్పినాను. మనం ఎట్లంటామో అట్లనే."

"దాంట్లో తప్పేముంది?"

"ఆ ఊళ్ళో అది అంగడికి పొయ్యేవాళ్ళు చెప్పే మాట సార్. పది నిమిషాల్లో వచ్చేస్తామని. నాకు అన్నేళ్ళు ఆ బాస తెలుసు. తెలిసి గూడా, గడప కాడికొచ్చేసరికి నగరి మాట వచ్చేసింది. కార్లో కూర్చున్న్యాక తెలిసింది. దిగి పోయి, నేను మా దేశం పోతాండాను, ఇంక రాను అని చెప్పుంటే అయిపొయ్యేది. దిగలేదు. ఆ పూట ఆమె అన్నం తినలేదంట. తలుపు గడియ పెట్టనీలేదంట."

"రానని అప్పటికే తెలుసా మీకు?"

"కిడ్నీలు బాగలేవని చెప్పేసినారు. తెలుసు. కానీ అబద్ధం చెప్పల్లని చెప్పలేదు సార్. మన ఇండ్లలో రానోళ్ళు గూడా పోయొస్తాననే గదా అంటారు."

ఆ తరువాత నుంచి ఆదివారాలు నన్ను పైకి రమ్మనేది. ఎదురుగా ఎవరన్నా కూర్చుని ఉంటే చెప్పగలనేమో అనింది. వేసవిలో పన్నెండున్నర. చలికాలంలో ఆ దేశపు గడియారాలు గంట వెనక్కి పోతాయి కాబట్టి ఒకటిన్నర. గడియారం మారే ఆదివారాలను క్యాలెండరులో ముందే గుండ్రాలు చుట్టి పెట్టుకునేది. అయినా ఆ రోజు పన్నెండు నుంచే ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడా, ఇంకో గంట ఆగాలా అని నన్ను అడుగుతూ ఉండేది.

చేతిలో ఆసుపత్రి చీటీ ఒకటి ఉండేది. దాని వెనక ఒకే వాక్యం. నేను తిరిగి రాలేను. ఆమెకు రాని వాక్యం కాదది. చూసి చదవాల్సిన పని లేదు. అయినా రాసుకునేది.

ఫోను కలిసేది. మాటలు ప్రతివారం ఒకటే. తి సెయ్ ఆల్ట్సాతా? లేచావా? తి సెయ్ లవాతా? కడుక్కున్నావా? తి సెయ్ పేత్తినాతా? దువ్వుకున్నావా? స్వెట్టరు వేసుకున్నావా, ఎవరు పెట్టారు బొత్తాలు? అవతల సన్నటి గొంతు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పేది. నేనే పెట్టుకున్నాను అన్నప్పుడు మేడం నా వైపు చూసి తల ఊపేది. ఆ ప్రశ్నలు అయిపోయాక ఆమె చీటీ వైపు చూసేది. నేను ఆమె కాళ్ళ వైపు చూసేవాణ్ణి. వారం వారానికీ పాదాలు ఉబ్బుతున్నాయి. ఈ ఇద్దరిలో ఎవరు ముందు పోతారోనని, ఆ మాట చెప్పకుండానే ఒకరు పోతారేమోనని నాకు దిగులుగా ఉండేది. అంతలో అటునుంచి, "క్వాందో తోర్ని?" అని వినిపించేది. ఎప్పుడొస్తావు?

"ప్రెస్తో, నోన్నా" అనేది మేడం. తొందర్లోనే.

ఫోను పెట్టేసి చీటీ నాలుగు మడతలు పెట్టేది. "మళ్ళా ప్రెస్తో అనేసినాను సార్" అనేది.

రెండు సార్లు ఉండబట్టలేక, "నేను చెప్పనా అమ్మా? ఫోను నాకివ్వండి" అన్నాను. ఒకసారి చెయ్యి కూడా చాచాను.

"సేతులు కింద పెట్టుకోండి సార్" అంది. హాస్యానికి కాదు. నేను నిజంగానే అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

చివరి ఆదివారం ఆమె ఆ మాటకు చాలా దగ్గరికి వచ్చింది. ప్రశ్నలన్నీ త్వరగా ముగించింది. "నోన్నా, సెంతి" అంది. విను అని. చీటీ కింద పెట్టేసింది. అప్పుడు అవతల దగ్గు మొదలైంది. పొడి దగ్గు, చాలాసేపు ఆగలేదు. మేడం, ఎన్నాళ్ళ నుంచి, మందు వేసుకున్నావా, కిటికీ తెరిచి పడుకున్నావా అని అడగడంలో పడింది. అంతే. మళ్ళీ ఎప్పుడొస్తావు, మళ్ళీ తొందర్లోనే.

"వచ్చే ఆదివారం చెప్తా సార్" అంది. "దగ్గు తగ్గినాక చెప్తే మేలు గదా. వచ్చే ఆదివారం కచ్చితంగా చెప్తా."

గురువారం డయాలిసిస్‌కు పోయింది. అక్కడి మంచం మీదనే పోయింది. ఆ పొద్దు మెట్లు దిగుతూ మా తలుపు దగ్గర ఆగి ఏమంది అని తరువాత చాలాసార్లు గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తలేదు.

ఇదంతా ఆ ఆదివారం ఫోను ముందు కూర్చుని అనుకున్నాను. పన్నెండూ ముప్పై ఎనిమిదికి నంబరు నొక్కాను. ఎనిమిది నిమిషాలు ఆలస్యం. ఆమె ఎప్పుడూ ఆలస్యం చేసేది కాదు.

ఫోను ఎత్తింది నోన్నా కూతురు. నేనెవరో చెప్పి, కాగితం చూసి మొదటి వాక్యం చదివాను. ఆమె ఏడ్చింది. తరువాత గొంతు బాగా తగ్గించి, నా కోసం మెల్లగా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. అమ్మకు చెప్పొద్దు. జ్వరమని చెబుదాం. వచ్చే ఆదివారం మీరే ఫోను చెయ్యండి, తొందర్లోనే వస్తుందని చెప్పండి. అమ్మకు అది చాలు.

అది సులభమే. ప్రెస్తో అన్న మాట నాకు బాగా వచ్చు కూడా. ఆ కూతురు చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. కానీ వెనక నుంచి ఆ సన్నటి గొంతు, ఎవరు, ఆమేనా అని అడుగుతోంది. ఫోను ఆమెకు ఇవ్వమన్నాను. తరువాత ఊపిరి వినబడింది.

"నోన్నా, నొన్ తోర్నా. ఎ మోర్తా" అన్నాను. అవ్వా, ఆమె తిరిగి రాదు. చనిపోయింది.

ఎప్పుడు అని అడిగింది. గురువారం అన్నాను. ఇంకేదో అడిగింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. బాధపడిందా అని. లేదన్నాను. నాకు తెలియదు. నేను అక్కడ లేను. ఆ తరువాత ఫోను కూతురికి ఇచ్చేసింది. కూతురు నాతో ఏమీ మాట్లాడకుండా పెట్టేసింది.

ఆ వారమంతా నాకు సరిగా నిద్ర లేదు. తొంభై దాటిన మనిషికి, దగ్గుతో ఉన్న మనిషికి, ఏ హక్కుతో చెప్పాను అనుకున్నాను. మేడం చెప్పుకోవాల్సిన మాటను చెప్పింది నేను. ఆమె బతికుండగా నన్ను చెయ్యొద్దన్న పని అది. పిల్లలు తరగతిలో ఉన్న తమ సామాను తీసుకుపోవడానికి వచ్చి పలకరిస్తే కూడా తొందరగా పంపించేశాను.

మరుసటి ఆదివారం కూతురే ఫోను చేసింది. నా మీద కోపం ఉన్నట్టు లేదు. అమ్మకు దగ్గు తగ్గిందని, అన్నం తింటోందని చెప్పింది. రెండు రోజులు మాట్లాడలేదట. తరువాత ఒక పని చెప్పిందట.

ఆ పని ఏమిటో అర్థం కావడానికి నేను ఆమెచేత మూడు సార్లు చెప్పించుకున్నాను. నోన్నా గదిలో ఆమె మంచం పక్కన ఇంకో మంచం ఉంది. మేడం పడుకున్నది దాని మీదే. మేడం వచ్చేశాక పనికి కుదిరినవాళ్ళను ఎవరినీ నోన్నా దాని మీద పడుకోనివ్వలేదు. వాళ్ళు హాల్లో సోఫా మీద పడుకున్నారు. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఆ మంచం మీది దుప్పట్లు తీయించి, ఉతికినవి పరిపించేది. ఈ సంగతి మేడంకు ఎప్పుడూ చెప్పలేదని కూతురు అంది. చెబితే రాలేనందుకు బాధపడుతుందని నోన్నానే వద్దందట.

బుధవారం నోన్నా ఆ మంచం మీది పక్కబట్టలు ఎత్తేయమంది. ఇప్పుడు ఆ మంచం మీద పనమ్మాయి పడుకుంటోంది. తన దుప్పటి తానే పరుచుకుంటుంది. శనివారాలు ఎవరి కోసమూ మంచం సిద్ధం చెయ్యడం లేదు.